చెత్త తగ్గిద్దామని కొన్నవే చెత్తలో చేరాయి, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ కోడలు:

అందరికీ నమస్తే అండీ. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు మాది. నేను, మావారు, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. పొద్దున చెత్తబండి వచ్చేసరికి రోజూ రెండు బుట్టలు నిండిపోయి ఉంటాయి. ఐదుగురికి ఇంత చెత్త ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకుందామని పోయిన వారం పొడిచెత్త పారేయకుండా గోతాంలో దాచి, ఆదివారం బాల్కనీలో పాత పేపర్లు పరిచి కుమ్మరించాను. పాల ప్యాకెట్లు 21, షాంపూ ప్యాకెట్లు 14. ఆన్‌లైన్‌లో తెప్పించిన కూరగాయలకి రకానికో కవరు. పిల్లల చిప్స్, బిస్కెట్ల కవర్లు లెక్కపెడుతూ మధ్యలో వదిలేశాను. అన్నిటికంటే బాధపెట్టినవి టిఫిన్ సెంటర్ చట్నీ కవర్లు. దారం బిగించి ముడేస్తారు కదా, విప్పే ఓపిక లేక కత్తెరతో మూల కోసి పారేసినవి, అడుగున ఇంకా పల్లీ చట్నీ అంటుకునే ఉంది, దానికి చీమలు. పది నిమిషాల్లో తినేసే ఇడ్లీ కోసం వచ్చిన కవరు మా పిల్లల పిల్లల కాలానికి కూడా మట్టిలో అలాగే ఉంటుందని తలుచుకుంటే ఆ పూట ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

మూడు నెలల కిందట 1,800 పెట్టి ఆన్‌లైన్‌లో ఎకో ఫ్రెండ్లీ కిట్ ఒకటి తెప్పించాను. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, నూలు సంచులు. దేనికి దానికి విడిగా ప్లాస్టిక్ చుట్టి పంపారు. బ్రష్షులు తడికి మెడ దగ్గర నల్లబడ్డాయి, స్ట్రాలు మేం అసలు వాడనే వాడం. మీ ఇళ్ళలో ఏడాది దాటినా ఆగకుండా నడుస్తున్న పద్ధతులేంటో చెప్పండి. నేను ఉద్యోగానికి వెళ్తాను, రోజుకో గంట పట్టే పనైతే నావల్ల కాదు.

గోదావరి గట్టు:

అమ్మాయ్, ముందు ఒక పని చెయ్యి, ఇంకేమీ కొనకు. సంచుల సంగతే తీసుకో. డెన్మార్క్ పర్యావరణ శాఖ వాళ్ళు 2018లో లెక్కగట్టారు, కొత్త నూలు సంచిని వాతావరణం వరకే చూసుకున్నా 52 సార్లు వాడితేగానీ ప్లాస్టిక్ కవరు కన్నా మేలనిపించుకోదట, మిగతా నష్టాలన్నీ కలిపితే 7,100 సార్లు. పత్తికి పట్టే నీళ్ళూ ఎరువులూ అలాంటివి మరి. అదే బీరువాలో పడున్న పాత చీరకైతే ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. నేను చిరుగుపట్టిన వెంకటగిరి చీర ఒకటి చింపి ఏడు సంచులు కుట్టించాను, రెండు పెద్దవి, ఐదు కూరగాయలకి చిన్నవి. ఆరేళ్ళయింది. నూలు సంచిలో చుట్టి కొంచెం తడి చల్లి పెడితే తోటకూర, గోంగూర ఫ్రిజ్‌లో కవర్లో కంటే బాగా నిలుస్తాయి, కవర్లో అయితే చెమట పట్టి కుళ్ళిపోతాయి.

ఇంకోటి, బట్టల షాపుల్లో ఇచ్చే గుడ్డలాంటి రంగుల సంచులు గుడ్డ కాదమ్మా, అదీ ప్లాస్టిక్కే. ఎండలో కొన్ని నెలలు ఉంచితే పొడిపొడిగా రాలిపోతుంది చూడు.

మాంసం కొట్టుకి మూతున్న స్టీలు డబ్బా తీసుకెళ్ళు. మొదట్లో తూకం దగ్గర పేచీ వస్తుంది. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి సున్నా చేయమను, కరెంటు కాటాలకి మామూలుగా ఆ మీట ఉంటుంది. టిఫిన్‌కి క్యారేజీ. గిన్నెలు తోమడానికి ముదిరి ఎండిన బీరకాయ పీచు, కొబ్బరి పీచు చాలు. కుంకుడుకాయలు గింజలు తీసి ఉడకబెట్టి పిండిన రసంతో గిన్నెలు శుభ్రంగా వస్తాయి, వారానికి సరిపడానే చేసుకో, నిలవుంటే పులుస్తుంది.

మిద్దెతోట కూకట్‌పల్లి:

కవర్లు సరే, మీ రెండు బుట్టల్లో బరువైనది తడిచెత్తే అయ్యుంటుంది, తూచి చూడండి. తొక్కలూ మిగిలిన అన్నం కలిసిన తడి అంటుకోవడం వల్లే కాగితం, ప్లాస్టిక్ కూడా ఎవరూ కొనకుండా పోతాయి. తడీ పొడీ వేరుగా ఇవ్వాలని కేంద్రం 2016లో తెచ్చిన చెత్త నిర్వహణ రూల్సులోనే చెప్పారు, మా హైదరాబాద్‌లో కలిపి ఇచ్చిన చెత్త జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో ఎంత గుట్టయిందో అటువైపు వెళ్ళినవాళ్ళకి వాసనే చెప్తుంది.

నేను రెండు పాత పెయింట్ బకెట్లకి చుట్టూ, అడుగున బెజ్జాలు పెట్టి బాల్కనీలో పెట్టాను. అడుగున కొబ్బరి పీచు, పైన ఆ రోజు తొక్కలు, దానిమీద రెండు గుప్పిళ్ళు ఎండుటాకులు. రోజూ ఇంతే, ఐదు నిమిషాలు. వారానికోసారి కర్రతో కలిపి పుల్లమజ్జిగ కొంచెం చల్లుతాను. ఒకటి నిండాక మూతపెట్టి వదిలేసి రెండోది మొదలుపెడతాను, రెండు నెలలకి మొదటిది ఎరువైపోతుంది. మొదటిసారి నేను చేసిన తప్పు ఎండుటాకులు తక్కువ వేయడం. పదో రోజుకి నీరుకారి కంపు, తెల్లపురుగులు, మా ఆవిడ బకెట్ కింద పెట్టేయమంది. ఆ పురుగులు మనకేమీ చేయవు, నిజానికి చెత్తని తినడంలో అవీ సాయం చేస్తాయి, కానీ ఇంట్లోవాళ్ళకి అది చెప్పి ఒప్పించడం కష్టం కాబట్టి ఆకులు ఎక్కువ వేయడమే మేలు. ఎండుటాకులు మా వాచ్‌మన్ రోజూ ఊడ్చి తగలబెట్టేవాడు, ఇప్పుడు గోతాంలో నింపి నాకిస్తాడు, పొగ కూడా తప్పింది. ఎముకలు, చేపముళ్ళు, నూనె కూరలు మొదటి ఆరు నెలలు వేయకండి.

పాల ప్యాకెట్ గురించి. మూల పూర్తిగా కత్తిరించి విడగొట్టకండి, ఆ చిన్న ముక్క ఎవరూ ఏరరు, నేరుగా కాలవలోకి పోతుంది. గాటు పెట్టి వేలాడేలా వదిలి, పాలు పోశాక కడిగి ఆరేయండి. పాత సామాన్ల వాళ్ళు అవి కిలోల లెక్కన కొంటారు. చిప్స్ కవర్లు మాత్రం ఎవరూ తీసుకోరు, లోపల వెండిరంగు పొరతో కలిపి అతికిన ప్లాస్టిక్ అది, విడదీయడం కుదరదు.

ఓరుగల్లు పిల్ల:

గోదావరి గట్టు ఆంటీ చెప్పినవన్నీ మంచివే, కానీ ఒకటి అడగాలి. కుంకుళ్ళు ఉడకబెట్టేది ఎవరు, సంచులు ఉతికేది ఎవరు, క్యారేజీ కడిగేది ఎవరు? చాలా ఇళ్ళలో చెత్త తగ్గించడమంటే అమ్మకి ఇంకో పని పెంచడమే అవుతోంది. మా ఇంట్లో ఈ పద్ధతులు రెండుసార్లు మొదలై రెండుసార్లు ఆగిపోయాయి, కారణం అదే. మూడోసారి పంచుకున్నాం. సంచులు బండి డిక్కీలో పెట్టే పూచీ నాన్నది, తడిచెత్త తమ్ముడిది. కుంకుళ్ళు మానేశాం, గిన్నెల సబ్బు ఐదు లీటర్ల క్యాన్ తెచ్చి పాత సీసాలోకి ఒంపుకుంటున్నాం. ఏడాదిగా నడుస్తోంది. షాంపూ కూడా పెద్ద సీసా కొనేయండి అక్కా, వారానికి 14 ప్యాకెట్లు ఒక్క కొనుగోలుతో పోతాయి.

మీ లిస్టులో శానిటరీ ప్యాడ్ల ప్రస్తావన లేదు, మనలో ఎవరం రాయం కూడా. నేను రెండేళ్ళుగా నెలసరికి ప్యాడ్ల బదులు లోపల పెట్టుకునే సిలికాన్ కప్పు వాడుతున్నా. మొదటి మూడు నెలలు పెట్టుకోవడం, తీయడం సరిగా రాక విసుగొచ్చింది, అది చాలామందికి ఉండేదే. ప్రతినెలా వాడే ముందు నీళ్ళలో మరిగించాలి, 12 గంటలకి మించి ఉంచకూడదు, సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి వస్తుంది. కప్పు ఇష్టం లేనివాళ్ళకి గుడ్డ ప్యాడ్లున్నాయి, కానీ వాటిని తలుపు వెనక దాచి ఆరేయకండి, బాగా ఎండ తగలాలి.

సిద్దిపేట దగ్గరి ఊరు:

ఇంట్లో ఏడాదంతా తగ్గించింది ఒక్క ఫంక్షన్‌తో పోతుందండీ. మా జిల్లా ఊళ్ళలో స్టీలు బ్యాంకులున్నాయి, మహిళా సంఘాల దగ్గర కంచాలు, గ్లాసులు, గిన్నెలు ఉంటాయి, పెండ్లికో పురుడుకో అద్దెకి తెచ్చుకుని కడిగి తిరిగిస్తాం. మా అన్న కొడుకు తొట్టెల ఫంక్షన్‌కి 200 మందికి అట్లనే పెట్టినం. కడగడానికి ఇద్దరు మనుషులకి కూలి ఇచ్చినా ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసుల ఖర్చు కంటే పెద్దగా ఎక్కువ కాలేదు. సిటీలో స్టీలు దొరక్కపోతే మోదుగాకు విస్తర్లు అడగండి. వెండిరంగు కాగితం అతికించినవి వద్దు, ఉత్త ఆకు, పుల్లలతో కుట్టినవి. పేపర్ గ్లాసుకి కూడా లోపల ప్లాస్టిక్ పూత ఉంటది, కాగితమే కదా అని మోసపోవద్దు.

బెజవాడ కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. నాలుగు వారాలు చేసి చూసి రాస్తున్నాను. నిన్న మళ్ళీ పేపర్లు పరిచి కుమ్మరించాను. షాంపూ ప్యాకెట్లు సున్నా. కూరగాయల కవర్లు రెండు, అవీ ఆన్‌లైన్‌లో తెప్పించిన రోజువి, ఇప్పుడు వారానికి రెండుసార్లు రైతుబజార్ బాధ్యత మావారిది. పాల ప్యాకెట్లు తగ్గలేదు. విడిపాలు అత్తయ్యగారికి నమ్మకం లేదు, నేనూ బలవంతపెట్టలేదు. కడిగి బాల్కనీ తీగకి క్లిప్పులు పెట్టి ఆరేస్తున్నాం, ఆ పని మా చిన్నాడిది.

టిఫిన్ సెంటర్ ఆయన మొదటి రోజు క్యారేజీ చూసి విసుక్కున్నాడు, జనం మీదపడుతున్న టైంలో గిన్నె గిన్నెకీ మూతలు తీసి పోయడం ఆయనకీ కష్టమే. ఎనిమిదింటిలోపు రమ్మన్నాడు. ఇప్పుడు మూతలు తీసి వరసగా పెట్టి ఇస్తున్నాను, కవరు ముడేసే టైం కూడా పట్టడం లేదు. కంపోస్టు బకెట్‌కి ఇది మూడో వారం, వాసన లేదు, పైనుంచి చూస్తే ఆకులే కనపడుతున్నాయి. అందుకే అత్తయ్యగారు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

మిగిలింది చిప్స్, బిస్కెట్ల కవర్లు. అక్కడ మాత్రం పిల్లలతో ఇంకా గొడవే. అత్తయ్యగారు చెగోడీలు చేసి డబ్బాలో పోస్తానంటున్నారు, పోయినసారి గట్టిపడి ఎవరూ తినలేదు. కిలో బియ్యప్పిండికి నీళ్ళెన్ని, వెన్న ఎంత వేస్తే గుల్లగా వస్తాయో ఎవరైనా చెప్తారా?