పాప పోకెమాన్ డెక్‌లో ఎనర్జీ కార్డులు 18 ఎక్కువా?

కూకట్‌పల్లి నాన్న:
మా అమ్మాయి అయిదో తరగతి. ఆదివారం అమీర్‌పేటలో పిల్లలు కలిసి ఆడుకునే చోటికి తీసుకువెళ్తే నాలుగు ఆటలకు నాలుగూ ఓడింది. అరవై ముక్కల డెక్, చారిజార్డ్ ఈఎక్స్ అనే పోకెమాన్ చుట్టూ కట్టింది. పోకెమాన్లు 26, సాయం చేసే ట్రైనర్లు 16, దాడి కోసం పోకెమాన్లకు తగిలించే ఎనర్జీలు 18. పక్కన ఆడుతున్న కుర్రాడు చూసి ‘ఎనర్జీలు ఏడు చాలు అంకుల్’ అన్నాడు. నిజమేనా? మెట్రోలో ఇంటికి వచ్చేదాకా అమ్మాయి నోరు విప్పలేదు.

అరవై ముక్కలు:
కుర్రాడు సరిగ్గా చెప్పాడు. చారిజార్డ్ ఈఎక్స్‌ను చేతిలోంచి దించి పరిణామం చేయగానే డెక్‌లోంచి మూడు అగ్ని ఎనర్జీల దాకా వెతికి తగిలించుకోవచ్చు. దాడికి కావలసినవి రెండే. చేతిలోంచి వంతుకు ఒక్క ఎనర్జీయే పెట్టనిస్తారు కాబట్టి మిగతావి చేతిలో పడి ఉంటాయి. అసలు జబ్బు ట్రైనర్లు 16 ఉండడం. చారిజార్డ్‌ను వెతికి తెచ్చేవి, కొత్త ముక్కలు లాగేవి అవే కదా. పోటీల్లో నెగ్గిన జాబితా ఒకటి చూసి అచ్చంగా కట్టేయండి. పోకెమాన్లు 18, ట్రైనర్లు 35, ఎనర్జీలు 7.

పాత డబ్బా:
ఏడు ఎనర్జీలతో మొదటి ఏడు ముక్కల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం నూటికి 40. పద్దెనిమిదితో అయితే 7 మాత్రమే. పిల్లలకు చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి. పన్నెండు కంటే తగ్గించకండి.

అరవై ముక్కలు:
మొదటి చేతిలో ఎనర్జీ రాకపోతే కొంప మునగదు. చారిజార్డ్ తొలి రూపం చార్మాండర్. అది దిగిన వంతులోనే దాన్ని నేరుగా చారిజార్డ్‌గా మార్చే రేర్ క్యాండీ కార్డు వాడకూడదు. ఆట మొదలుపెట్టినవాళ్లు ఆ వంతులో దాడి కూడా చేయకూడదు. రెండో వంతుకల్లా చారిజార్డ్ రాకపోతే అప్పుడు ఏడవండి.

రమ్మీ బాబాయి:
మా ఆటలో పదమూడు ముక్కలు, ఒక జోకరు. హాయి.

పాత డబ్బా:
అరవై గారూ, ఆట మొదట్లోనే ఆరు ముక్కలు బోర్లా పక్కకు, ప్రైజుల్లోకి పోతాయి. ఎదుటివాళ్ల పోకెమాన్‌ను పడగొడితేనే అవి చేతికి వస్తాయి, ఆరూ తీసుకుంటే గెలుపు. మీ ఏడులో రెండు అక్కడ చిక్కుకుంటే?

అరవై ముక్కలు:
సగటున పోయేది 0.7. రెండు పోయినా అయిదు ఉంటాయి. డెక్‌లో ఒక్కటే ఉన్న కార్డు ప్రైజుల్లో పడే అవకాశం పదింట ఒక వంతు. దాని గురించి భయపడండి, ఎనర్జీల గురించి కాదు.

కోఠి చదువరి:
ఫుట్‌పాత్ మీద కొన్న బంగారు రంగు కార్డులు డెక్‌లో ఉంటే ముందు అవి తీయండి, పోటీల్లో చెల్లవు. దీపానికి అడ్డంగా పెట్టి చూడండి. అసలు కార్డు మధ్యలో నల్లని పొర ఉంటుంది, వెలుగు అంతగా దాటదు.

కూకట్‌పల్లి నాన్న:
అన్నీ అసలువే అండీ. ఒక మాట చెప్పడం మరిచాను. ఆ 18లో అగ్ని 12, మెరుపు 6. పికాచులు నాలుగు ఉన్నాయి కదా, వాటికి.

అరవై ముక్కలు:
ఈ మాట మొదట చెప్పాలి కదండీ! రెండు రోజులుగా లేని డెక్ గురించి కొట్టుకుంటున్నాం. పికాచులు నాలుగూ, మెరుపులు ఆరూ తీసి పక్కన పెట్టండి. పది ముక్కలు ఖాళీ అవుతాయి. అంతే, సమస్య తీరింది.

పాత డబ్బా:
తీసి పక్కన పెట్టండి! ఎంత తేలికగా అనేశారు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక దుకాణంలో ఒక పెద్దమనిషి అడగకుండానే నా డెక్ బల్ల మీద పరిచి, ఇరవై రెండు ముక్కలు ఏరి, ‘ఇవి చెత్త’ అని నా వైపు నెట్టాడు. ఆయన చెప్పినట్టే కట్టుకున్నాను, నెగ్గాను కూడా. మూడు నెలలకు ఆట మానేశాను. డబ్బా ఇప్పటికీ అటక మీద ఉంది.

అరవై ముక్కలు:
ఆ పెద్దమనిషి నేను కాదు. నాలుగు ఆటలు ఓడి రైల్లో మౌనంగా కూర్చున్న పిల్ల గురించి మాట్లాడుతున్నాను. మీరు మీ అటక గురించి మాట్లాడుతున్నారు.

పాత డబ్బా:
ఆ పిల్లను ఎవరైనా అడిగారా? ఓడినందుకు మౌనమో, నాన్న మొహం చూసి మౌనమో మీకెలా తెలుసు? ఎనర్జీలు ఏడా పన్నెండా అన్నది నాకు ముఖ్యం కాదు. పన్నెండు అన్నది కూడా మీ మాటకు అడ్డం చెప్పాలనే. డెక్ ఎవరిదో వాళ్లు కట్టుకోవాలి.

అరవై ముక్కలు:
ఇంతకాలానికి నిజం చెప్పారు. నాదీ చెబుతాను. ఓడిపోతూ ఉంటే కూడా పిల్లలు మానేస్తారు. మా తమ్ముడు అలాగే మానేశాడు. సొంత డెక్ అని నేను ముట్టుకోలేదు, వాడు ఏడాదంతా ఓడాడు.

కూకట్‌పల్లి నాన్న:
పాత డబ్బా గారూ, మీ మాట గుచ్చుకుంది. ఆ రోజు నా మొహం బాగోలేదు, నిజమే.

రమ్మీ బాబాయి:
పాప ఏమంటుంది మరి?

కూకట్‌పల్లి నాన్న (తరువాతి ఆదివారం రాత్రి):
అడిగాను. కార్డులన్నీ చాప మీద పరిచి తనే ఏరింది. అగ్ని 9, మెరుపు 2, పికాచు ఒక్కటి. ట్రైనర్లు 28కి వచ్చాయి. ఆ ఒక్కటి ఎందుకని నేను అడగలేదు. ఈరోజు మూడు ఓడి ఒకటి గెలిచింది.

అరవై ముక్కలు:
ఒక్క పికాచుకు రెండు మెరుపులా! అది ప్రైజుల్లో పడితే ఆ రెండూ దండగ. గెలిచిన ఆటలో అది ఏమి చేసిందో చెప్పండి.

కూకట్‌పల్లి నాన్న:
మొదటినుంచీ ప్రైజుల్లోనే ఉందండీ. గెలిచాక ఆరో ప్రైజు తిప్పి చూస్తే అదే. దాన్ని పట్టుకుని గంతులు వేసింది.