అమ్మ గాల్‌బ్లాడర్ రిపోర్టులో "వాస్కులైటిస్" అని ఉంది, ఎవరికి చూపించాలి?

ఖమ్మం కుర్రాడు:
అమ్మకి 52 ఏళ్లు. రాళ్లున్నాయని పోయిన నెల గాల్‌బ్లాడర్ తీసేశారు. వారం తిరక్కుండానే రోట్లో పచ్చడి నూరబోతుంటే నేనే ఆపాను, అంత బాగుంది. నిన్న బయాప్సీ రిపోర్టు తెచ్చుకున్నా. చివర ఒక్క లైను: "మీడియం సైజ్ ఆర్టరీలో నెక్రొటైజింగ్ వాస్కులైటిస్, ఫిబ్రినాయిడ్ నెక్రోసిస్." ఆపరేషన్ చేసిన డాక్టరు చూసి "తీసేశాంగా, ఇంకేంటి" అన్నారు. నెక్రోసిస్ అంటే కుళ్లడమే కదా? టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు. అమ్మకి చెప్పలేదు.

స్లైడుల అక్క:
తమ్ముడూ, 19 ఏళ్లుగా స్లైడులు చూడటమే నా పని. మీరు రాసిన లైనులో క్యాన్సర్ మాటే లేదు. వాస్కులైటిస్ అంటే రక్తనాళాల గోడ వాయడం, నెక్రోసిస్ అంటే ఇక్కడ ధమని (ఆర్టరీ) గోడలో కొంత మేర కణాలు చచ్చిపోయాయని. మామూలు ధమనికి లేత గులాబీ కండర గోడ, దాని లోపలి అంచున ముడతల రిబ్బన్‌లాంటి సాగే పొర ఉంటాయి. ఇలాంటి స్లైడులో ఆ గోడ ఒక పక్కన జావ ఒలికినట్టు ముదురు గులాబీ మరక. అదే ఫిబ్రినాయిడ్. తెల్లకణాలు గోడ మందమంతా దూరి ఉంటాయి. సాగే పొరని నల్లగా చూపించే స్టెయిన్ (రంగు) వేస్తే, సరిగ్గా మరక దగ్గర రిబ్బన్ తెగి కనిపిస్తుంది.

చిక్కేంటంటే, రాయి ఒరుసుకుని పుండు పడ్డ చోట పక్క రక్తనాళాలు కూడా వాస్తాయి. అది అసలు వాస్కులైటిస్ కాదు. పుండుకి దూరంగా ఉన్న ధమనిలోనూ ఉందా అని ల్యాబులో అడగండి. అసలు వాస్కులైటిస్ ధమని పొడవునా ఉండదు, అక్కడక్కడే. అదే బ్లాకుని (మైనంలో పెట్టిన ముక్కని) ఇంకాస్త లోతుకి కోస్తే కొత్తగా బయటపడొచ్చు.

ఇది అక్కడితో ఆగిందా, ఒళ్లంతా ఉందా అన్న అసలు ప్రశ్నకి మాత్రం స్లైడు జవాబు చెప్పలేదు. ఒక్క అవయవంతో ఆగిపోయేదీ, ఒళ్లంతా పాకే పాలీఆర్టరైటిస్ నోడోసా కూడా మైక్రోస్కోపు కింద ఒకేలా ఉంటాయి. వాస్కులైటిస్ రకాలకి పేర్లు పెట్టిన 2012 చాపెల్ హిల్ వర్గీకరణలో "సింగిల్ ఆర్గన్ వాస్కులైటిస్" అని విడిగా పెట్టారు, కానీ మిగతా ఒంట్లో వెతికి ఏమీ లేదని తేలాకే ఆ పేరు. "తీసేశాంగా" అన్నది సగం మాటే. రుమటాలజిస్టుని (కీళ్లు, ఇలాంటి వాపు జబ్బులు చూసే డాక్టరుని) కలవండి.

వరంగల్ కోడలు:
మా అత్తగారికి గర్భసంచి తీసినప్పుడు సెర్విక్స్‌లో (గర్భసంచి ముఖద్వారంలో) అచ్చం ఇదే రాశారు. బీపీ, మూత్రం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు పరీక్ష), ఆంకా (కొన్ని వాస్కులైటిస్‌లలో కనిపించే యాంటీబాడీల పరీక్ష), హెపటైటిస్ బి, సి చూశారు, కడుపు రక్తనాళాలకి సీటీ తీశారు. అన్నీ నార్మల్. స్టెరాయిడ్ ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు, మూడు నెలలకోసారి రమ్మన్నారు, అంతే. ఆవిడ మాత్రం ప్రతిసారీ "నాకేం రోగం" అని గొడవ.

స్లైడుల అక్క:
ఆ హెపటైటిస్ బి మర్చిపోకండి, దానివల్ల కూడా పాలీఆర్టరైటిస్ వస్తుంది. జ్వరం, బరువు తగ్గడం, పాదంలో తిమ్మిరి, ఉన్నట్టుండి పాదం ముందు భాగం పైకి లేవకపోవడం ఉన్నాయా?

ఖమ్మం కుర్రాడు:
జ్వరం లేదు, బరువు పెరిగింది అక్కా. తిమ్మిరి ఉందా అని అడగ్గానే "ఆ కాగితంలో ఏం రాశారో చెప్పు ముందు" అంది. చెప్పేశాను. సోమవారం బ్లాకులు, స్లైడులు తీసుకుని వెళ్తున్నాం.