పైథాన్ సర్వీసును గోలోకి మార్చాలి: ఎర్రర్ రాకుండానే జవాబు మారిపోయే చోట్లు ఏవి?

కృష్ణాతీరం (ప్రశ్న)

చిరునామాలు వెతికిపెట్టే సర్వీసు ఒకటి పైథాన్ 3.11, ఫాస్ట్‌ఏపీఐ మీద నడుస్తోంది. వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఊరి పేరు తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ కొడితే మండలం, జిల్లా, పిన్‌కోడ్ జేసన్‌లో ఇస్తుంది. అక్షరం అటూఇటూ అయినా దగ్గరి పేరు పట్టుకుంటుంది, ఆ లెక్కంతా పైథాన్ కోడే. రూట్లు 14. సర్వర్ 4 కోర్లు, 8 జీబీ. వర్కర్లు నాలుగు, ఒక్కొక్కటీ 600 ఎంబీ. ఊళ్ల పట్టిక మొత్తం ప్రతి వర్కరూ విడిగా మెమరీలో పెట్టుకుంటుంది. రద్దీ వేళ నాలుగు కోర్లూ 100 శాతం.

టీమ్‌లో అందరికీ వచ్చింది పైథానే. గో అనుకుంటున్నాం, రస్ట్, జావా మాటలూ వస్తున్నాయి. ఏది ఎంచుకోవాలి, మొత్తం మార్చాలా కొంతేనా? ముఖ్యంగా, గో సింటాక్స్ నేర్చుకోవడం సరే, కంపైల్ అయిపోయి, ఎర్రర్ రాకుండా, జవాబు మాత్రం తేడాగా ఇచ్చే చోట్లు ఏవో చెప్పగలరా?

నల్లరేగడి

ముందు ఒక గంట కొలతకు పెట్టండి. పై-స్పై అనే టూల్ ఉంది, నడుస్తున్న ప్రాసెస్ నంబరు ఇస్తే సర్వీసు ఆపకుండానే ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటోందో చూపిస్తుంది. సమయం ఎక్కువగా డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడటంలో పోతుంటే గో వల్ల ఒరిగేది తక్కువ, క్వెరీనో ఇండెక్సో సరిచేసుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి పేర్లు పోల్చే లెక్కే సీపీయూ తినేస్తున్నట్టుంది. అదైతే మార్చడంలో అర్థముంది.

వర్కర్లు నాలుగెందుకు పెట్టాల్సొచ్చిందంటే జిఐఎల్ వల్ల. ఒక పైథాన్ ప్రాసెస్‌లో ఎన్ని థ్రెడ్లున్నా ఒక సమయంలో ఒక్కటే పైథాన్ కోడ్ నడుపుతుంది. అందుకే నాలుగు ప్రాసెస్‌లు, నాలుగు నకళ్లు, 2.4 జీబీ. గోలో ఒకే ప్రాసెస్ నాలుగు కోర్లనీ వాడుకుంటుంది, పట్టిక ఒకటే ఉంటుంది. మీ కేసులో అసలు లాభం ఇదే.

రస్ట్ వేగానికి వంక పెట్టేది లేదు. కానీ పైథాన్ నుంచి నేరుగా వచ్చినవాళ్లకి ఓనర్‌షిప్, లైఫ్‌టైమ్ (ఏ డేటా ఎవరిది, ఎంతసేపు ఉంటుంది అనే నియమాలు) దగ్గర వారాలు పోతాయి. జావా వచ్చినవాళ్లు ఒక్కరున్నా జావా బాగానే సరిపోయేది. ఎవరూ లేరు కాబట్టి గో.

14 రూట్లూ మార్చకండి, వెతుకులాట రూట్ ఒక్కటే తీయండి. ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఆ దారికి విడిగా లొకేషన్ బ్లాక్ రాసి గో పోర్టుకి పంపండి, మిగతావి పైథాన్‌కే. తేడా వస్తే ఆ ఒక్క బ్లాక్ తీసేసి రీలోడ్ కొడితే పాత దారి. ముందు నీడగా నడపాలంటే మిర్రర్ డైరెక్టివ్ ఉంది, ప్రతి రిక్వెస్ట్ నకలూ గోకి పోతుంది. అయితే ఆ నకలుకి వచ్చే జవాబుని ఎన్‌జిన్‌ఎక్స్ పారేస్తుంది. పోల్చుకోవాలంటే గో వైపు మీరే లాగ్‌లో రాసుకోవాలి. డేటాబేస్‌లో రాసే రూట్లకి మాత్రం మిర్రర్ పెట్టొద్దు, ప్రతిదీ రెండుసార్లు పడుతుంది.

బైట్లబేరం

తెలుగు డేటా అన్నారు కాబట్టి స్ట్రింగ్‌లతో మొదలుపెడతా, మీకు మొదటి దెబ్బ అక్కడే.

పైథాన్ స్ట్రింగ్ అంటే యూనికోడ్ కోడ్‌పాయింట్ల (ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ ఉండే నంబర్ల) వరస. గో స్ట్రింగ్ అంటే బైట్ల వరస, మామూలుగా అందులో ఉండేది యూటీఎఫ్-8. యూటీఎఫ్-8ని 1992లో రూపొందించిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లే గో సృష్టికర్తల్లోనూ ఉన్నారు, కాబట్టి ఆశ్చర్యం లేదు. "తెలుగు" అనే మాటకి పైథాన్‌లో లెన్ 6 (త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము), గోలో 18. తెలుగు లిపిలో ప్రతి కోడ్‌పాయింటూ 3 బైట్లు. మనిషి కంటికి కనిపించేవి 3 అక్షరాలు, ఈ లెక్క రెంటిలోనూ నేరుగా రాదు.

దీనివల్ల విరిగేవి: పైథాన్‌లో "మొదటి 100" అని కోసే లైను గోలో అలాగే రాస్తే 100 బైట్ల దగ్గర కోస్తుంది. ఖాళీలు లేని తెలుగైతే 33 కోడ్‌పాయింట్లు పోను 34వ దాని మూడో వంతు మిగులుతుంది. దాన్ని జేసన్‌లో పెడితే ఆ బైటు స్థానంలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం గుర్తు వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కి పంపితే యూటీఎఫ్-8 చెల్లదని తిరగ్గొడుతుంది. ముందు రూన్ (గోలో కోడ్‌పాయింట్ పేరు) స్లైస్‌గా మార్చి కోయండి. పేరు పొడవు తనిఖీలు కూడా అంతే, యూటీఎఫ్8 ప్యాకేజీలోని రూన్‌కౌంట్‌ఇన్‌స్ట్రింగ్ వాడాలి. రెండు పేర్ల మధ్య ఎడిట్ దూరం (ఒకటి ఇంకోటి కావడానికి ఎన్ని మార్పులు కావాలో) లెక్కపెట్టే కోడ్ బైట్ల మీద నడిస్తే ఒక గుణింతం తేడాకే దూరం మారిపోవచ్చు, తెలుగు పేర్ల స్కోర్లు అడ్డదిడ్డంగా వస్తాయి. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు.

రెజెక్స్: గో ప్రామాణిక రెజెక్స్‌లో లుక్‌అహెడ్, బ్యాక్‌రిఫరెన్స్ లేవు. అవి వాడితే ప్యాటర్న్ కంపైల్ దగ్గరే ఆగుతుంది కాబట్టి పర్లేదు. నిశ్శబ్దంగా దెబ్బతీసేది బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. గోలో అది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌కే పరిమితం, తెలుగు మాట అస్సలు దొరకదు. (పైథాన్‌దీ గొప్పేం కాదు. గుణింతపు గుర్తుల్ని అక్షరంగా లెక్కించదు, "తెలుగు"ని మూడు ముక్కలు చేస్తుంది.) గోలో లిపి పేరుతో వెతకొచ్చు: బ్యాక్‌స్లాష్ పి, మీసాల బ్రాకెట్లలో తెలుగు అని ఇంగ్లిష్‌లో.

అంకెలు: పైథాన్ ఇంట్ ఫంక్షన్ చాలా ఉదారం. వెనకాముందూ ఖాళీలున్నా ఒప్పుకుంటుంది, "౫౨౦౦౦౧" అని తెలుగు అంకెల్లో ఇచ్చినా 520001 అంటుంది. గోలో అదే పని చేసే అటాయ్ రెంటికీ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ని అండర్‌స్కోర్‌తో పారేశారంటే చేతిలో మిగిలేది సున్నా. పిన్‌కోడ్ 0 అని జవాబులో పోతుంది, లాగ్‌లో గీత కూడా ఉండదు. పైథాన్‌లో అయితే పట్టుకోని ఎక్సెప్షన్ తనే అరుస్తుంది, గోలో అరవాల్సింది మీరు. ఎర్ర్‌చెక్ అనే లింటర్‌ని సీఐలో (కోడ్ చేర్చిన ప్రతిసారీ నడిచే తనిఖీల్లో) పెట్టండి, అండర్‌స్కోర్‌తో పారేసినవి కూడా చూపించే ఆప్షన్ ఆన్ చేసి మరీ.

స్కోరు రౌండింగ్: 62.5ని పైథాన్ రౌండ్ 62 చేస్తుంది, సరిసంఖ్య వైపు పోతుంది. గో మ్యాథ్ ప్యాకేజీలోని రౌండ్ 63 చేస్తుంది. పాత జవాబే కావాలంటే రౌండ్‌టుఈవెన్ ఉంది. మైనస్ 7ని 3తో భాగిస్తే శేషం పైథాన్‌లో 2, గోలో మైనస్ 1. దాన్ని స్లైస్ ఇండెక్స్‌గా వాడితే పానిక్, అంటే నడుస్తుండగానే కూలుతుంది.

జేసన్:
- ఏమీ దొరకనప్పుడు పైథాన్ ఖాళీ జాబితా ఇస్తుంది. గోలో డిక్లేర్ మాత్రమే చేసి వదిలేసిన స్లైస్ నల్‌గా పోతుంది, అవతల మొబైల్ యాప్ కూలుతుంది. మేక్‌తో సున్నా పొడవు స్లైస్ సృష్టించండి.
- స్ట్రక్ట్ ఫీల్డ్ పేరు ఇంగ్లిష్ పెద్దక్షరంతో మొదలవ్వకపోతే జేసన్‌లోకి రాదు, ఎర్రరూ రాదు.
- పంపని ఫీల్డూ, 0 అని పంపిన ఫీల్డూ గోలో ఒకేలా కనిపిస్తాయి. తేడా కావాలంటే పాయింటర్ పెట్టాలి.
- రకం చెప్పకుండా చదివిన సంఖ్య ఫ్లోట్64 అవుతుంది. 9007199254740992 దాటిన ఐడీల చివరి అంకెలు మారిపోవచ్చు. యూజ్‌నంబర్ పెట్టండి, లేదా స్ట్రక్ట్‌లో ఇంట్64 అని రాయండి.
- యాంపర్‌సాండ్, యాంగిల్ బ్రాకెట్లని గో ఎస్కేప్ చేస్తుంది. అర్థం మారదు గానీ బైట్లు మారతాయి. ఎన్‌కోడర్‌లో ఆపేయొచ్చు.

పైథాన్ జేసన్ డంప్స్ ఆప్షన్ ఏమీ ఇవ్వకపోతే ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌నీ 6 గుర్తుల ఎస్కేప్‌గా రాస్తుంది. ఫాస్ట్‌ఏపీఐ జవాబుల్లో అది ముందే ఆపేసి ఉంటుంది కాబట్టి అక్కడ తేడా కనపడదు. కాష్‌లోకి మీరే డంప్స్‌తో రాస్తుంటే, అదే కాష్‌ని గో కూడా చదువుతుంటే, స్ట్రింగ్‌లుగా పోల్చకండి, విప్పి పోల్చండి.

తేదీ ఫార్మాట్ గోలో ఒక నమూనా తేదీ: 2006 జనవరి 2, 15:04:05. మన రోజు-నెల-సంవత్సరం కావాలంటే 02-01-2006 అని రాయాలి. పొరపాటున 01-02-2006 రాస్తే 05-08-2024ని హాయిగా మే 8 అని చదువుతుంది. 12వ తారీఖు దాకా ఎవరికీ తెలియదు, 13 నుంచి నెల పరిధి దాటిందని ఎర్రర్లు మొదలు. నెల మొదట్లో రిలీజ్ చేస్తే ఈ తప్పు రెండు వారాలు దాక్కుంటుంది.

వాడని వేరియబుల్, వాడని ఇంపోర్ట్ లాంటివి కంపైలరే చెబుతుంది, వాటిని పట్టించుకోనక్కర్లేదు.

ఎర్రమట్టి

పైవన్నీ కోడ్‌లోవి. సర్వర్ మీద పెట్టాక వచ్చేవి ఇంకో మూడు.

డేటాబేస్ పూల్: గో ప్రామాణిక ఎస్‌క్యూఎల్ ప్యాకేజీకి కనెక్షన్ల గరిష్ఠ పరిమితి మామూలుగా లేదు. పోస్ట్‌గ్రెస్ మామూలు పరిమితి 100. రద్దీ రాగానే గోరూటీన్లన్నీ (గోలోని తేలికపాటి థ్రెడ్లు) తలా ఒక కనెక్షన్ అడుగుతాయి, క్లయింట్లు ఎక్కువయ్యారని పోస్ట్‌గ్రెస్ తలుపేస్తుంది, పక్కనే నడుస్తున్న పైథాన్ రూట్లూ పడిపోతాయి. గరిష్ఠం 20తో మొదలుపెట్టండి. ఖాళీగా ఉంచే కనెక్షన్ల పరిమితి మామూలుగా 2 మాత్రమే, దాన్ని కూడా 20కి పెంచకపోతే ఊరికే తెరిచి మూస్తూ ఉంటుంది.

టైమ్‌జోన్: గో బైనరీని స్క్రాచ్ ఇమేజ్‌లో (ఏమీ లేని ఖాళీ కంటైనర్ ఇమేజ్) పెడితే అందులో టైమ్‌జోన్ ఫైళ్లుండవు. ఆసియా/కోల్‌కతా లోడ్ చేయబోతే ఎర్రర్. టైమ్ కింద ఉన్న టీజెడ్‌డేటా ప్యాకేజీని ఇంపోర్ట్ చేస్తే బైనరీ సుమారు 450 కేబీ పెరుగుతుంది, సమస్య తీరుతుంది.

కంటైనర్‌కి సీపీయూ పరిమితి పెడితే గో 1.25 కంటే పాత వెర్షన్లు దాన్ని చూడవు, హోస్ట్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని థ్రెడ్లు తీస్తాయి, ఆపై కెర్నల్ నొక్కేస్తుంది, జవాబులు ఆగి ఆగి వస్తాయి. 1.25 వాడండి, లేదా గోమ్యాక్స్‌ప్రాక్స్ చేత్తో పెట్టండి.

ఇంకోటి, ఊళ్ల పట్టిక మ్యాప్‌ని నడుస్తుండగా రిఫ్రెష్ చేస్తారా? ఒక గోరూటీన్ రాస్తూ ఇంకోటి చదివితే రన్‌టైమ్ ప్రాసెస్‌నే చంపేస్తుంది, పానిక్‌ని పట్టుకునే రికవర్ పెట్టినా ఆగదు. కొత్త మ్యాప్ పక్కన కట్టి, పాయింటర్‌ని అటామిక్‌గా మార్చండి. టెస్టులు రేస్ డిటెక్టర్‌తో నడపండి. మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది కాబట్టి ప్రొడక్షన్‌లో వద్దు.

పాతచింత

అందరూ మార్చమనే అంటున్నారు కాబట్టి ఒక్క మాట. పేర్లు పోల్చే ఫంక్షన్ ఒక్కదాన్నీ ర్యాపిడ్‌ఫజ్ అనే పైథాన్ లైబ్రరీతో మార్చి చూశారా? అసలు పని సీ++లో జరుగుతుంది, మీ వైపు మారేది ఓ పది లైన్లు. మెమరీ బాధ తీరదు, నాలుగు నకళ్లూ అలాగే ఉంటాయి. సీపీయూ బాధ తీరితే మాత్రం గో పని నిదానంగా చేసుకోవచ్చు.

కృష్ణాతీరం

పై-స్పైలో 70 శాతం పైగా పేర్ల పోలికలోనే. ర్యాపిడ్‌ఫజ్ పెట్టాం, కోర్లు సగానికి దిగాయి. మెమరీ కోసం గో రూట్ కూడా రాశాం. ఒక రోజు లాగ్‌లోని 10,000 రిక్వెస్టులు రెంటికీ పంపి, జేక్యూ అనే జేసన్ టూల్‌తో కీలు వరసపెట్టి డిఫ్ తీశాం. నల్, రౌండింగ్ తేడాలు పోయాయి. ఒక్కటి అర్థం కావట్లేదు: "హైదరాబాద్" కొన్ని రిక్వెస్టుల్లో కచ్చితంగా దొరుకుతోంది, కొన్నిట్లో స్కోరు తగ్గి కిందకి పోతోంది. కంటికి రెండూ ఒకటే. "విజయవాడ"కి ఎప్పుడూ రాలేదు. పైథాన్‌లో రెండూ సరిగ్గానే వస్తున్నాయి.

బైట్లబేరం

ఐత్వం. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌పాయింట్‌గా, లేదా ఎత్వం పక్కన కింది ఐత్వపు గుర్తుగా. తెర మీద తేడా కనపడదు. "హైదరాబాద్" మొదటి పద్ధతిలో 27 బైట్లు, రెండో దాంట్లో 30. గో వైపు లాగ్‌లో పేరు పక్కన లెన్ ముద్రించండి, దొరకనివన్నీ 30 చూపిస్తాయి. "విజయవాడ"లో ఐత్వం లేదు కాబట్టి తప్పించుకుంది. మైదుకూరు, మైలవరం కొట్టి చూడండి, అవీ ఇలాగే ఆడతాయి.

మీ పైథాన్ కోడ్‌లో పేరు శుభ్రం చేసే ఫంక్షన్ ఒకటి ఉండి ఉంటుంది, అందులో యూనికోడ్‌డేటా నార్మలైజ్ అని వెతకండి. పైథాన్‌లో అది ప్రామాణిక లైబ్రరీ. గోలో విడిగా తెచ్చుకోవాలి, ఎక్స్/టెక్స్ట్ మాడ్యూల్‌లోని నార్మ్ ప్యాకేజీ. ఎన్ఎఫ్‌సీ రూపం (విడి గుర్తుల్ని కలిపి ఒకే కోడ్‌పాయింట్ చేసేది) రెండు చోట్లా చేయాలి: పట్టిక మెమరీలోకి ఎక్కించేటప్పుడు, రిక్వెస్ట్ రాగానే. ఒక చోటే చేస్తే తప్పు అటు నుంచి ఇటు మారుతుంది అంతే. అదే ఫంక్షన్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) తీసేసే లైను ఉంటే దాన్నీ తెచ్చుకోండి, నార్మలైజ్ దాన్ని ముట్టుకోదు.