అప్‌డేట్: అమ్మ తిప్పతీగ కషాయం సంగతి

ముందు అడిగింది ఇదీ: అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), దానికి మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతోంది, ఎంవీపీ కాలనీలో పక్కింటి పిన్నిగారు ఇమ్యూనిటీ పెరుగుతుందని రోజూ ఇస్తున్న తిప్పతీగ కషాయం తాగొచ్చా అని.

డాక్టర్‌గారిని కలిశాం. ఆపేయమన్నారు. అమ్మ జబ్బులో రోగనిరోధక వ్యవస్థే సొంత కీళ్ల మీద దాడి చేస్తుంది, దాన్ని తగ్గించడానికే మెథోట్రెక్సేట్, మరి అదే వ్యవస్థని రెచ్చగొట్టే మొక్కని పైనుంచి పోస్తే ఒక పక్క బ్రేకు, ఇంకో పక్క యాక్సిలరేటర్ తొక్కినట్టే కదా. పైగా మెథోట్రెక్సేట్‌కి లివర్ మీద ఎలాగూ కన్నేసి ఉంచాలి. కోవిడ్ టైంలో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న 43 మంది కేసుల మీద మన దేశంలోనే చేసిన స్టడీ 2022లో వచ్చింది, వాళ్లలో కొందరికి అంతకుముందు బయటపడని ఆటోఇమ్యూన్ లివర్ జబ్బు (రోగనిరోధక వ్యవస్థే సొంత లివర్ మీద దాడి చేసేది) ఉన్నట్టు తేలింది. ఆయుష్ శాఖ మాత్రం తిప్పతీగ సురక్షితమే, అలాగే కనిపించే టినోస్పోరా క్రిస్పాతో పొరబడుతున్నారని అంది. సరే, కానీ గోడ మీద పాకిన తీగ ఏ జాతిదో పిన్నిగారు ఎలా చెప్తారు?

అశ్వగంధ కూడా వద్దన్నారు, అమ్మకి థైరాయిడ్ మాత్ర ఉంది. కూరలో పసుపు మామూలుగానే వేసుకోవచ్చట, మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ (పసుపు సారం) మాత్రలే వద్దన్నారు.

లివర్ టెస్టు నార్మల్ వచ్చింది, టెన్షన్ తీరింది. పిన్నిగారు కొంచెం అలిగారు, ఇప్పుడు అల్లం టీ పంపిస్తున్నారు.