పెద్ద సైజు బ్రాలు: మన యూనిట్‌లోనే కుట్టాలా, తిరుప్పూర్‌లో కుట్టించాలా?

గుంటూరు_కుట్టుమిషన్:
నమస్తే అండీ. మాది గుంటూరులో చిన్న టైలరింగ్ యూనిట్. నలుగురు ఆడవాళ్లం బ్లౌజులు, నైటీలు కుడతాం. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లలో చాలామంది 40, 42 సైజుల్లో సరిగ్గా పట్టే బ్రా దొరకట్లేదని వాపోతుంటారు. మేమే కుడదామని ఉంది. తమిళనాడులోని తిరుప్పూర్ ఫ్యాక్టరీల్లో అడిగితే ఒక్కో స్టైల్‌కి, ఒక్కో రంగుకి కనీసం వెయ్యి పీసులన్నారు. అంత పెట్టుబడి పెట్టలేను. కొద్దికొద్దిగా కుట్టుకుంటే గిట్టుబాటవుతుందా?

లైన్_సూపర్‌వైజర్:
అచ్యుతాపురం సెజ్‌లో ఇన్నర్‌వేర్ లైన్ చూసుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ముందు తేల్చుకోవాల్సింది మౌల్డెడ్ కప్పా, కుట్టు కప్పా అన్నది. మౌల్డెడ్ అంటే ఫోమ్ షీట్‌ని వేడి అచ్చుల మధ్య నొక్కి గిన్నెలా తీస్తారు. ప్రతి కప్ సైజుకీ వేరే అచ్చు కావాలి. ఆ ఖర్చు వేల పీసులు కుట్టేవాళ్లే తట్టుకోగలరు. మీకది వద్దే వద్దు. రెండు మూడు ముక్కలు జోడించి కుట్టే కప్పయితే ప్యాటర్న్‌లో ఒక్క జాయింటు గీత మార్చుకుంటే చాలు, ఆకారం మారిపోతుంది. నిండు రొమ్ములకి ఆసరా కూడా అదే బాగా ఇస్తుంది.

ధరలో మాత్రం ఫ్యాక్టరీతో పోటీకి వెళ్లకండి. లైన్‌లో ఒకరు కప్పులు జోడిస్తారు, పక్కావిడ వైరు పట్టీ, ఆ తర్వాతావిడ అడుగు ఎలాస్టిక్, చివర్లో హుక్ పట్టీ, బార్‌టాక్ (జాయింట్లు ఊడకుండా దగ్గరదగ్గరగా వేసే గట్టి కుట్టు). రోజంతా అదే కుట్టు కాబట్టి చెయ్యి పరుగెడుతుంది. మీ దగ్గర ఒకే మనిషి ఇవన్నీ చెయ్యాలి, ఆ వేగం రాదు.

కానీ మీకున్న బలం ఫ్యాక్టరీకి లేదు: బ్రా వేసుకునే మనిషి మీ ఎదురుగా ఉంటుంది! 34బి ప్యాటర్న్‌నే అన్నివైపులా పెంచేసి 42 అంటే కుదరదు. బరువు ఎక్కువగా మోయాల్సింది అడుగు పట్టీ, భుజాలు కాదు. పక్క రెక్కలకి గట్టి పవర్‌నెట్ (బిగువుగా సాగే వల బట్ట), వెడల్పు స్ట్రాప్, మూడు వరసల హుక్ పట్టీ పెట్టండి. తొడిగించి, చేతులు పైకెత్తమనండి. అడుగు పట్టీ వీపు మీదికి ఎగబాకితే బిగువు చాలలేదన్నమాట.

ఇంకోటి, ఎలాస్టిక్‌ని రోల్ విప్పగానే కొయ్యకండి. చుట్టలో సాగి ఉంటుంది. రాత్రంతా వదులుగా పరిచి, పొద్దున కోయండి. లేదంటే ఉతికాక కుంచించుకుపోయి ఒంటిమీద గీతలు పడతాయి, పాపం.

ట్రిమ్స్_హైదరాబాద్:
అక్కా, నలుపు, తెలుపు, స్కిన్ రంగులతోనే మొదలుపెట్టండి. ఇవి ఎప్పుడూ స్టాక్‌లో ఉంటాయి, కొన్ని మీటర్లయినా ఇస్తారు. మెరూన్ కావాలంటే లేసు, ఎలాస్టిక్, స్ట్రాప్ అన్నీ ఒకే షేడ్‌కి రంగు వేయించాలి. నైలాన్‌కి వాడే రంగు వేరు, పాలిస్టర్‌కి వాడేది వేరు. తక్కువ మీటర్లకి డైయింగ్ వాళ్లు ఒప్పుకోరు. ఫ్యాక్టరీ వాళ్లు వెయ్యి అడగడానికి ఇదీ ఒక కారణం.

గుంటూరు_కుట్టుమిషన్:
చాలా థాంక్స్ అండీ. మా దగ్గర సింగిల్ నీడిల్, ఓవర్‌లాక్ మిషన్లే ఉన్నాయి. సరిపోతాయా?

లైన్_సూపర్‌వైజర్:
చాలవండి. ఎలాస్టిక్ మీద మామూలు కుట్టు వేస్తే సాగినప్పుడు దారం తెగిపోతుంది. జిగ్‌జాగ్ మిషన్ ఒకటి తప్పనిసరి, త్రీ-స్టెప్ కుట్టు (జిగ్‌జాగ్‌లో ఒక్కో వాలుకి మూడు చిన్న కుట్లు పడేది) వచ్చేదైతే మరీ మంచిది. సెకండ్ హ్యాండ్‌ది చూడండి. కొనేముందు మీ ఎలాస్టిక్ ముక్కే తీసుకెళ్లి, దానిమీద కుట్టించి, గట్టిగా లాగి చూసుకోండి.