స్టెట్సన్ 3ఎక్స్ టోపీ 1940లదా, 1950లదా?

డల్లాస్ దగ్గర, ఇంట్లోని సామానంతా అమ్మేసే ఒక ఎస్టేట్ సేల్‌లో కొన్న కౌబాయ్ టోపీ. లేత బూడిద రంగు ఫెల్ట్, అంచు వెడల్పు మూడున్నర అంగుళాలు, లోపలి తోలుపట్టీ మీద స్టెట్సన్ (అమెరికా టోపీల కంపెనీ) 3ఎక్స్ (ఫెల్ట్ నాణ్యత గ్రేడు) ముద్ర. అంచు అడుగున రెండు చోట్ల బట్టల పురుగు గీకింది గానీ చిల్లు పడలేదు.

తోలుపట్టీని మెల్లగా బయటికి మడిచి చూశాను. యూనియన్ చీటీ (టోపీ కార్మికుల సంఘం లేబుల్) మీద ‘యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిల్లినరీ వర్కర్స్’ అని ఉంది. ఆ సంఘం ఏర్పడిందే 1934లో, కాబట్టి అంతకు ముందుది కాదు. పెట్టె మీది చిరునామాలో జిప్ కోడ్ (1963లో మొదలైన అమెరికా పిన్ కోడ్) లేదు, అంటే పెట్టె 1963కి ముందుది కావచ్చు. కానీ పాత టోపీల పెట్టెలు తారుమారవడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోను. సైజు చీటీ సగం చిరిగిపోయింది, 7 1/8 ఒక్కటే చదవగలిగాను. తోలు ఎండి పెళుసెక్కింది. ఇంకా మడిస్తే కుట్టు వెంబడే చిట్లుతుంది, అందుకే ఆపేశాను.

అమ్మకానికి ఉన్నవాటితో పోల్చి చూశాను. ఇలాంటి యూనియన్ చీటీకే ఒకరు 1940లు అంటే ఇంకొకరు 1950లు అంటున్నారు, ధర కూడా దాన్ని బట్టే చెబుతున్నారు.

పట్టీని ఇంకా కదపకుండా ఈ రెండు దశకాల్లో ఏదో తేల్చే గుర్తు ఏది?