నెల రోజుల రీడింగులు ఉంచుకోవచ్చా?

నకిరేకల్ అమ్మాయి:
నల్గొండలో ఎమ్మెస్సీ చదివి, ఐదు నెలలుగా హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. నేను పెంచేవి ఎమ్‌సీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలు. 69 ఏళ్ల ఒక మహిళ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి వాటిని తీశారు. మా పెద్దమ్మకూ ఆఖరున అలాగే నీరు చేరింది. తెల్లవారుజామున బస్సెక్కించి ఆమెను హైదరాబాద్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకువెళ్లేవాళ్లం. అందుకే దసరాకు కూడా ఊరికి వెళ్లకుండా ఈ కణాలను కనిపెట్టుకుని ఉన్నాను.

నిన్న పక్క బెంచీ మిత్రుడు వాటికి డాపి అనే, డీఎన్‌ఏను నీలంగా మెరిపించే రంగు వేసి చూపించాడు. కేంద్రకాల చుట్టూ నల్లగా ఉండవలసిన చోటంతా సన్నని నీలి చుక్కలు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా! కణాలకు ఆహారంగా పోసే ద్రవం, మీడియం, ఒక్కనాడూ మబ్బుపట్టలేదు కాబట్టి అనుమానమే రాలేదు. ఎన్ని కణాలు బతికున్నాయో కొలిచే ఎమ్‌టీటీ పరీక్షకు ఈ నెలలో చేసిన 11 ప్లేట్లూ ఈ కణాలతోనే. సోమవారం సారుకు ఫలితాలు చూపించాలి. కణాలు పారేసి రీడింగులు ఉంచుకోవచ్చా?

జడ్చర్ల అక్క:
వద్దు చెల్లీ. ఎమ్‌టీటీ అనే పసుపు రసాయనాన్ని బతికున్న కణాలు ఊదారంగుకు మారుస్తాయి, ఆ రంగునే మనం కొలుస్తాం. మైకోప్లాస్మా కూడా దాన్ని మార్చగలదు. నీ ప్లేటులో కణాలు తెచ్చిన రంగు ఎంతో, క్రిమి తెచ్చినది ఎంతో ఇప్పుడు ఎవరూ విడదీయలేరు. మీడియంలో పెన్సిలిన్ ఉంది కదా అనుకున్నావేమో. అది దెబ్బకొట్టేది బ్యాక్టీరియా కణకవచం మీద, మైకోప్లాస్మాకు కణకవచమే లేదు. 0.22 మైక్రాన్ల వడపోతలోంచి కూడా జారిపోగలదు.

సోమవారం దాకా ఆగకు, ఈ రోజే చెప్పు. నేను మొదటి ఏడాదిలో భయపడి మూడు రోజులు దాచాను. ఈలోగా నా మీడియం సీసా వాడుకున్న ఇద్దరి కణాలు పోయాయి. అందులో ఒకరి థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆమె ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఫ్లాస్కులు ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో పెట్టి పారేయి. తెరిచిన మీడియం, కణాలను ఫ్లాస్కు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ ఏదీ మిగల్చకు. ఇంక్యుబేటర్‌లోని నీళ్ల పళ్లెం కూడా కడుగు, అందరూ మరిచిపోయేది అదే.

మిర్యాలగూడ నుంచి:
మందు వేసి కణాలను బాగుచేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మళ్లీ దొరకని కణాలకైతే ఆ శ్రమ పడవచ్చు. ఎమ్‌సీఎఫ్-7 అయితే పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. నోట్‌బుక్‌లో ఆ పేజీలు చించవద్దు. ఒక్కొక్క పేజీ మీద ‘మైకోప్లాస్మా, వాడరాదు’ అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి.

నకిరేకల్ అమ్మాయి:
మధ్యాహ్నమే చెప్పాను. సారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత గదిలో ఉన్న అందరి ఫ్లాస్కులూ పరీక్షించమన్నారు. ఇంకో రెండింటిలో బయటపడింది. ద్రవ నత్రజనిలో పెట్టిన పాత వయల్ ఒకటి సాయంత్రం కరిగించి, వేరే ఇంక్యుబేటర్‌లో ఉంచాను. ఎన్ని కణాలు బతికి ఫ్లాస్కు అడుగున అతుక్కుంటాయో రేపు ఉదయం చూడాలి. కొన్ని పెరగగానే ముందు పరీక్షకే పంపుతాను అక్కా.